ఇష్టముంటేనే పొదుపా?

ఫోన్ వేడెక్కుతోందని, మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతోందని సర్వీస్ సెంటర్‌కు వెళ్లేవారికి తరచూ ఎదురయ్యే సలహా ఒకటుంది: 5జీ ఆపేసి 4జీలో పెట్టుకోండి! 2022 అక్టోబరు 1న అట్టహాసంగా మొదలైన సేవ ఇది. దానికోసం కొత్త ఫోన్లు కొనిపించి, ఇప్పుడు వాడకుండా దాచుకోమనడం ఏం న్యాయం? బండి హ్యాండిల్‌కు ఫోన్ బిగించి, దానికి పవర్‌బ్యాంక్ వైరు తగిలించుకుని తిరిగే డెలివరీ కుర్రాళ్లు 4జీలో పెట్టుకున్నంత మాత్రాన 5జీ పేరిట కట్టిన డబ్బు వెనక్కి రాదు.

లోపం వినియోగదారుడిది కాదు. మన దేశంలో 5జీకి ప్రధానంగా వాడుతున్న 3.3 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో మామూలు ఫోన్‌కు నాలుగు రిసీవింగ్ యాంటెన్నాలు తప్పనిసరి. ఒక్కోదాని వెనుక ఒక యాంప్లిఫయర్, ఫిల్టర్లు, సిగ్నల్‌ను అంకెల్లోకి మార్చే కన్వర్టర్ ఉంటాయి. అన్నీ బ్యాటరీని తాగేవే. సినిమా డౌన్‌లోడ్ చేసేటప్పుడు నాలుగూ పనిచేస్తే అర్థముంది. ఏ డేటా రాకపోయినా, వస్తుందేమోనని నాలుగూ చెవులు రిక్కించి కూర్చోవడమే అసలు దుబారా. మొబైల్ నెట్‌వర్క్‌ల ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ వేదిక 3జీపీపీ దీన్ని 2019లోనే లెక్కగట్టింది. డేటా అందుకునేటప్పటి ఖర్చు 300 అనుకుంటే, ఊరికే ఆలకించడానికి 100 అవుతుంది. గాఢ నిద్రలో అయ్యేది కేవలం 1. నాలుగు యాంటెన్నాలకు బదులు రెండింటితో ఆలకిస్తే ఖర్చు 30 శాతం తగ్గుతుంది.

మందు కూడా ఎప్పుడో కనిపెట్టారు. 5జీ ప్రమాణాల్లో 2020లో పూర్తయిన ‘రిలీజ్ 16’ అనే విడతలో, అవసరం లేనప్పుడు యాంటెన్నాలను తగ్గించుకునేందుకు ఫోన్‌కు వీలు కల్పించారు. పని ఉన్నప్పుడే నిద్రలేపే సంకేతమూ ఉంది. ఒక రిసీవర్‌ను మేలుకొలిపి ఉంచి మిగతావాటిని పడుకోబెట్టే పద్ధతి 2009 నాటి వైఫై ప్రమాణంలోనే వచ్చింది. అయితే 5జీలో ఈ పొదుపంతా ఐచ్ఛికం. ఫోన్ కంపెనీకి ఇష్టముంటే పెడుతుంది, ఆపరేటర్‌కు ఇష్టముంటే ఆన్ చేస్తాడు. ఇద్దరిలో ఏ ఒక్కరు చేయకపోయినా రెండోవారి శ్రమ బూడిదపాలే. నాలుగు యాంటెన్నాలు తప్పనిసరట, వాటిని నిద్రపుచ్చడం మాత్రం ఐచ్ఛికమట!

సిగ్నల్ అందని చోట యాంటెన్నాలు తగ్గిస్తే కాల్స్ తెగిపోతాయని కంపెనీలు అంటాయి. నిజమే. అక్కడ తగ్గించమని ఎవరూ అడగడం లేదు.

ఫోన్‌లో స్టార్, హ్యాష్, 07, హ్యాష్ నొక్కితే దాన్నుంచి శరీరం గ్రహించే రేడియేషన్ విలువ తెరమీద కనిపిస్తుంది. అది శరీర కణజాలంలో కిలోకు 1.6 వాట్లు మించకూడదన్న పరిమితి 2012 నుంచి అమలవుతోంది. అంటే ప్రభుత్వం గట్టిగా చెబితే కంపెనీలు వింటాయి. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి ప్రతి కొత్త స్మార్ట్‌ఫోన్‌కు ఏ నుంచి జీ వరకు ఇంధన శ్రేణి, ఒక్క చార్జింగ్‌తో ఎన్ని గంటలు పనిచేస్తుందన్న వివరంతో లేబుల్ ఉండాల్సిందే. అదే కంపెనీ అదే ఫోన్‌ను హైదరాబాద్‌లో, విజయవాడలో ఆ లేబుల్ లేకుండా అమ్ముతోంది. ఫ్రిజ్‌కు, ఏసీకి స్టార్లు ఇచ్చే ఇంధన సామర్థ్య బ్యూరో ఫోన్ జోలికి ఎందుకు పోదు?

ఇప్పుడే నిలదీయడానికి కారణముంది. 3జీపీపీలో 6జీ అధ్యయనాలు మొదలయ్యాయి. యాంటెన్నాల సంఖ్య ఇంకా పెరగవచ్చు. పొదుపు ఈసారీ ఐచ్ఛికంగానే మిగిలితే, మరో పదేళ్లు ఈ భారం మోయాల్సింది జనమే. 2023 మార్చిలో భారత్ 6జీ దార్శనిక పత్రం విడుదల చేసి ప్రపంచానికి దారి చూపుతామన్న ప్రభుత్వం, అక్కడ ఈ ఒక్క మాటపై పట్టుబట్టకూడదా? దేశీయ 5జీ టెస్ట్‌బెడ్ (పరీక్షా వేదిక)లో పాలుపంచుకున్న ఐఐటీ హైదరాబాద్ లాంటి సంస్థలు మన దగ్గరే ఉన్నాయి. ప్రయోగశాలలు లేవన్న సాకూ చెల్లదు.

ఏ పొదుపు సదుపాయాలు ఆన్‌లో ఉన్నాయో ప్రతి ఆపరేటర్ సర్కిళ్లవారీగా ప్రకటించాలి. ఫోన్ పెట్టెపై ఇంధన లేబుల్ తప్పనిసరి కావాలి. ఈ రెండు ఆదేశాలకు కంపెనీల అనుమతి అక్కర్లేదు. వేలంలో స్పెక్ట్రమ్ అమ్మి లక్షన్నర కోట్ల రూపాయల బిడ్లు రాబట్టినప్పుడు చూపిన చురుకుదనం ఇక్కడెందుకు కరువైందో టెలికం శాఖ జవాబు చెప్పాలి.