ముందు నేనే ఊదాను
చిన్న సంస్థలు కూడా సిబ్బందికి డ్రగ్ టెస్టులు పెట్టాలని కొందరు అంటున్నారు, సరే. విజయవాడ ఆటోనగర్‌లో మాకు ఆరు లారీలున్నాయి. మద్యం తాగారో లేదో ఊదించి చూసే బ్రీత్ ఎనలైజర్ తెచ్చిన రోజు డ్రైవర్లు ముఖాలు మాడ్చుకున్నారు. "ఇన్నేళ్ల తర్వాత మా మీద నమ్మకం పోయిందా అండీ?" అన్నాడు పాత డ్రైవరు. ముందు నేనే ఊదాను, తర్వాత మా తమ్ముడు. గొడవ అక్కడితో సద్దుమణిగింది. చట్టం 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాల్ దాకా ఊరుకుంటుంది కానీ, మా దగ్గర సున్నా వస్తేనే బండి తాళాలు.

అసలు చిక్కు మూత్ర పరీక్షతోనే. గంజాయి ఎప్పుడో తాగినా రోజుల తర్వాత బయటపడుతుంది, ఇప్పుడు మత్తులో ఉన్నాడో లేదో మాత్రం చెప్పదు. కోడీన్ ఉన్న దగ్గు మందు తాగినవాడికీ ఓపియేట్ (నల్లమందు జాతి మత్తు) పాజిటివ్ రావచ్చు. కిట్ ఫలితం ఒక్కటే చూసి మనిషిని పనిలోంచి తీసేస్తామా? ల్యాబ్‌లో మళ్లీ చేయించాకే మాట్లాడాలి, ఆ ఖర్చు కూడా ఓనరే పెట్టుకోవాలి.