కేకు వల్ల వచ్చిన విప్లవం

ఫ్రెంచి విప్లవానికి కారణం కేకు. ఈ ముక్క తెలియక ఇన్నేళ్లూ అప్పులనీ పన్నులనీ ఏవేవో చదివి కళ్లు పాడుచేసుకున్నాను. మొన్న జులై 14న తిరుపతిలో జరిగిన ఒక సదస్సులో ముఖ్య అతిథిగారు నా అజ్ఞానాన్ని పోగొట్టారు. “జనం రొట్టెల్లేవంటే రాణి కేకు తినమంది. అంతే, దేశం అంటుకుంది!” అన్నారాయన. ముందు వరుస చప్పట్లు కొట్టింది. వెనక వరుసలు ఉక్కపోతకు ఆహ్వాన పత్రికలతో విసురుకుంటున్నాయి.

సదస్సు అంశం స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం. వేదిక ముందు తెల్ల తువ్వాళ్లు పరిచిన సోఫాలు, టీపాయ్‌ల మీద నీళ్ల సీసాలు, జీడిపప్పు. సోఫాల వెనక ఒక తాడు. తాడు వెనక ప్లాస్టిక్ కుర్చీలు, అవీ చాలక గోడవారగా నిలబడ్డ విద్యార్థులు. పదింటికన్న సభ పన్నెండుకు మొదలైంది. క్యూలో నిలబడటం మన ఊరికి కొత్త కాదు గదా, ఎవరూ నోరెత్తలేదు.

నిర్వాహకులను తప్పుపట్టను. 1789 మే 5 నాటి వెర్సాయిని, అదే ఫ్రాన్సు రాజుగారి కొలువుకోటను, వాళ్లు పొల్లుపోకుండా దించారు. 1614 తర్వాత మళ్లీ ఆనాడే ఎస్టేట్స్ జనరల్, అంటే దేశంలోని మూడు వర్గాల (ఎస్టేట్ల) ప్రతినిధుల సభ, కొలువుదీరింది. మతగురువులు తమ మతదుస్తుల్లో, ప్రభువులు జరీ అంచులతో, టోపీలకు ఈకలతో వచ్చారు. దేశంలో నూటికి తొంభై ఏడుగురి తరఫున వచ్చిన మూడో ఎస్టేటు వాళ్లు నల్లబట్టల్లో గంటల తరబడి కాచుకుని పక్క వాకిట్లోంచి లోపలికెళ్లారు. రాజు మాట్లాడి టోపీ పెట్టుకున్నాడు. పై రెండు వర్గాలూ పెట్టుకున్నాయి. రాజు ఎదుట టోపీ పెట్టడం అప్పటిదాకా వాళ్ల గుత్తహక్కు. మూడో ఎస్టేటు వాళ్లు కూడా కొందరు పెట్టేసుకునేసరికి రాజు గబుక్కున తన టోపీ తీసేశాడు. ఆర్థిక మంత్రి నెక్కర్ మూడు గంటలపాటు లెక్కలు వినిపించాడు. మధ్యలో గొంతు పోతే మిగతాది గుమస్తా చదివాడు. మా ముఖ్య అతిథిగారి గొంతు మాత్రం చివరిదాకా నిలిచింది.

తర్వాత సన్మానాలు. పద్నాలుగు శాలువాలు. పేరు పిలవడం, ఆయన వద్దు వద్దంటూనే మెట్లెక్కడం, శాలువా, దండ, జ్ఞాపిక, “సార్, ఇటు చూడండి”, ఫొటో సరిగా రాలేదని శాలువా తీసి మళ్లీ కప్పడం. ఎర్ర అంచు శాలువా ఒకటి మూడుసార్లు వేదికెక్కినట్టు నా లెక్క. ఈ పొదుపు తెలిసుంటే ఫ్రాన్సు ఖజానా ఖాళీ అయ్యేది కాదు.

ఆ తర్వాత కేకు వచ్చింది. నిజంగానే వచ్చింది, 1789 జులై 14న పారిస్ జనం పట్టుకున్న బాస్టిల్ జైలుకోట ఆకారంలో. ఎనిమిది బురుజులు, కోట పడిన నాడు లోపలున్న ఏడుగురు ఖైదీలకు గుర్తుగా ఏడు కొవ్వొత్తులు. ముఖ్య అతిథిగారు రిబ్బను కట్టిన కత్తితో కోటను కూల్చారు. వేదిక మీద ఎనిమిది మంది, బురుజుకొకరు. ప్రహరీగోడ సోఫాలకు పంచారు. కందకం మిగిలితే ఫొటోగ్రాఫరు తిన్నాడు. తాడు వెనకవాళ్లకు రొట్టె లేదు, కేకూ లేదు, కనీసం తినమనైనా ఎవరూ అనలేదు.

అయ్యా, ఆ కేకు మాట రాణి మరీ ఆంటోనెట్ అన్నదనడానికి ఆధారమే లేదు. ఒక గొప్పింటి రాకుమారి అలా అన్నదని రచయిత రూసో తన ఆత్మకథలో రాసిపెట్టే నాటికి ఈమె ఇంకా ఫ్రాన్సులో అడుగే పెట్టలేదు. వియన్నాలో ఆడుకుంటున్న చిన్నపిల్ల.

ప్రసంగం అయ్యాక పలమనేరు వైపు నుంచి రెండు బస్సులు మారి వచ్చిన ఒక అమ్మాయి నోటుపుస్తకం పట్టుకుని లేచింది. “సార్, అప్పుడు పన్నులు ఎవరు కట్టారు?” “ప్రశ్నలకు టైము లేదమ్మా” అన్నారు అధ్యక్షులవారు. పద్నాలుగు శాలువాలకు ఉంది టైము!

ఎవరు కట్టారా? రైతు కట్టాడు. భూమి ఉన్న ప్రభువుకూ, చర్చికీ తాయ్ అనే ముఖ్యమైన పన్ను లేదు. రైతుకు ఉంది. చాలా రాష్ట్రాల్లో ఎనిమిదేళ్లు దాటిన ప్రతి మనిషీ, కావాలన్నా వద్దన్నా, ఏటా ఇంత ఉప్పు పన్నుతో సహా కొనితీరాలి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి అప్పుచేసి డబ్బు పోశారు. 1788లో సర్కారు ఖర్చులో సగం అప్పులకే పోయింది. అంతకు ముందేడు మంత్రి కలోన్ పెద్దలందరినీ పిలిచి మీరూ కాస్త పన్ను కట్టండయ్యా అంటే కుదరదన్నారు. 1788 జులైలో వడగళ్లు పంటను చితక్కొట్టాయి, మరుసటి ఏడు పట్నం కూలివాడి సంపాదనలో సగానికి పైగా రొట్టెకే పోయింది. అక్టోబరులో వేలమంది ఆడవాళ్లు వానలో ఇరవై కిలోమీటర్లు నడిచి వెర్సాయి వెళ్లారు. ఆ నడకను ఎగ్గొట్టి, ఆకలిని ఎగ్గొట్టి, పన్ను ఎగ్గొట్టినవాళ్లను వదిలేసి, అంతా ఒక ఆడమనిషి నోటిదురుసు వల్ల జరిగిందని పిల్లలకు చెప్పడానికి నోరెలా వచ్చింది? వాళ్ల పుస్తకంలో ఉన్నదైనా ఒకసారి చదివి రాకూడదా?

పెద్దలు భోజనానికి లేచారు. ఆ అమ్మాయి తాడు కిందుగా వంగి వచ్చి సోఫాలో కూర్చుంది. సగం తాగి వదిలేసిన సీసాలను పక్కకు నెట్టి, మూత తీయనిది ఒకటి వెతుక్కుని తాగింది. కార్యకర్త ఒకాయన పరుగున వచ్చాడు.

“అమ్మా, అది వీఐపీలది.”

“బస్సుకు ఇంకా అరగంట ఉంది సార్” అంది, లేవకుండా.