శ్రీశైలంలో నీళ్ల పంచాయితీ సరే, పూడిక సంగతేంటి?

ఏటా జూరాల నుంచి, సుంకేసుల నుంచి వరద మొదలవగానే టీవీల్లో శ్రీశైలం స్కోరు నడుస్తుంది. ఇన్‌ఫ్లో ఇంత, అవుట్‌ఫ్లో ఇంత, 885 అడుగులకు గాను నీటిమట్టం ఇంత. గేట్లు ఎత్తిన రోజు నాయకులు జలహారతి ఇస్తారు, ఘాట్ రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి. వరద తగ్గాక రెండో సీజన్. ఎడమగట్టున తెలంగాణ కరెంటు ఎందుకు తీస్తోందని ఆంధ్రప్రదేశ్, రాయలసీమకు నీళ్లు మళ్లించే పోతిరెడ్డిపాడుకు అన్ని నీళ్లు ఎలా వదులుతారని తెలంగాణ, కృష్ణా బోర్డుకు లేఖల మీద లేఖలు రాస్తాయి.

ఆ లేఖల్లో పెద్దగా కనపడని లెక్క ఒకటుంది. కట్టినప్పుడు శ్రీశైలం జలాశయం సామర్థ్యం 308 టీఎంసీలు. తర్వాత సర్వే చేస్తే 215 టీఎంసీలే తేలింది. అంటే 92 టీఎంసీలకు పైగా చోటును ఒండ్రు తినేసింది. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు అనుకున్నవి 90 టీఎంసీలు. ఆ 90 కోసం ఏళ్ల తరబడి కేసులు, ధర్నాలు, అసెంబ్లీలో తిట్లు. పోయిన 92 గురించి అడిగే నాథుడు లేడు.

రెండూ ఒకటి కాదనుకోండి. ఒకటి ఏడాదిలో తోడుకునే నీరు, ఇంకోటి నిల్వ చేసుకునే జాగా. వరద బాగా వచ్చిన ఏడాది జలాశయం నిండి, ఖాళీ అయి, మళ్లీ నిండుతుంది. అప్పుడు జాగా తగ్గిందన్న బాధ తెలియదు. 2015, 2023 లాంటి కరువు ఏడాదుల్లోనే అది తెలిసొస్తుంది. పంచాయితీలు ముదిరేదీ అప్పుడే.

అసలు గొడవకు మూలం ఈ డ్యామ్ పుట్టుకలోనే ఉంది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసింది జలవిద్యుత్ ప్రాజెక్టుకు. కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ దీనికి ఆవిరి నష్టం కింద 33 టీఎంసీలు లెక్కగట్టింది తప్ప సాగుకని ప్రత్యేకంగా కేటాయించలేదు. టర్బైన్ తిప్పిన నీరు ఎలాగూ కిందికి, నాగార్జునసాగర్‌కు పోతుంది. తర్వాత కథ మారింది. చెన్నై తాగునీరు, తెలుగుగంగ, శ్రీశైలం కుడి కాలువ, గాలేరు-నగరి, హంద్రీ-నీవా, కల్వకుర్తి, వెలిగొండ, ఇలా వరసబెట్టి అన్నీ దీని చుట్టూ చేరాయి. ఇవన్నీ డ్యామ్‌కు ఎగువన, జలాశయంలోంచే నీళ్లు తీసుకుంటాయి. ఆ నీళ్లు శ్రీశైలం టర్బైన్ల దగ్గరికే రావు.

అందుకే ఇక్కడ అడుగుల లెక్క అంత ముఖ్యం. ఉమ్మడి రాష్ట్రంలో 1996లో జీవో 69 కనీస నీటిమట్టాన్ని 834 అడుగులుగా పెట్టింది. 2004లో జీవో 107 దాన్ని 854కు పెంచింది. ఆ 20 అడుగుల తేడాలోనే సీమ గోడంతా ఉంది. పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ సామర్థ్యం 11,500 నుంచి 44,000 క్యూసెక్కులకు పెరిగిన మాట నిజమే. కానీ నీటిమట్టం 881 అడుగులు దాటితేగానీ ఆ 44,000 రావని, 854 దగ్గర 7,000కు మించి రావని రాయలసీమ ఎత్తిపోతల సమయంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే వాదించింది. ఎడమగట్టున ఆరు యూనిట్లు, మొత్తం 900 మెగావాట్లు. నీటిమట్టం తక్కువగా ఉన్నప్పుడు అవి తిరుగుతుంటే కర్నూలు, కడప రైతుకు టెన్షన్ రాక ఏమవుతుంది? ఇది మొదటి నుంచీ కరెంటు కోసం కట్టిన డ్యామేనన్న తెలంగాణ మాటనూ కొట్టిపారేయలేం. నన్నడిగితే ఇద్దరి దగ్గరా సగం న్యాయం ఉంది. ఏ నెలలో నీటిమట్టం ఎంత ఉండాలో, ఏ అవసరానికి ముందు ఇవ్వాలో చెప్పే రూల్ కర్వ్ మీద ఇద్దరూ సంతకం పెట్టకపోవడమే అసలు జబ్బు.

సంతకం పెట్టినా ఏ సామర్థ్యం మీద పెడతారన్నది ఇంకో ప్రశ్న. పూడిక పెరిగే కొద్దీ 854 అడుగుల దగ్గర ఉండాల్సిన నీరు కాగితం మీద ఒకటి, జలాశయంలో ఒకటి అవుతుంది.

ఎన్నికలప్పుడు కొందరు పూడిక తీయిస్తామంటారు. 92 టీఎంసీలంటే దాదాపు 260 కోట్ల ఘనపు మీటర్ల మట్టి. టిప్పర్‌కు పది ఘనపు మీటర్లు పట్టినా 26 కోట్ల ట్రిప్పులు. రోజుకు పదివేల ట్రిప్పులు తోలినా 70 ఏళ్లు దాటుతుంది. ఆ మట్టిని నల్లమలలో ఎక్కడ పోస్తారు? కాబట్టి అది అయ్యే పని కాదు. చేతిలో ఉన్నది ఎగువన మట్టి కోతను తగ్గించడం, సర్వే క్రమం తప్పకుండా చేయడం, ఉన్న డ్యామ్‌ను కాపాడుకోవడం.

ఆ మూడోదే అన్నిటికంటే భయపెడుతోంది. 2009 అక్టోబరు 2న శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. పూర్తి నీటిమట్టం దగ్గర 12 గేట్లూ కలిపి వదలగలిగేది 13 లక్షల చిల్లర. నీరు 896 అడుగుల దాకా ఎక్కింది. వెనకాల కర్నూలు, అలంపురం మునిగాయి. డ్యామ్ నిలబడింది. కానీ గేట్లలోంచి దూకే నీరు ఏళ్లుగా కింద రాతిని తొలిచేసి ప్లంజ్‌పూల్‌లో, అంటే నీరు పడే మడుగులో, లోతైన గుంత చేసింది. రక్షణగా వేసిన కాంక్రీటు సిలిండర్లు దెబ్బతిన్నాయి. 2025లో జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ బృందం వచ్చి చూసి, మరమ్మతు వాయిదా వేయొద్దని చెప్పి వెళ్లింది. దానికి ముందు ఏడాది ఆగస్టులోనే తుంగభద్ర 19వ గేటు చెయిన్ తెగి కొట్టుకుపోయింది. స్టాప్‌లాగ్ అనే తాత్కాలిక ఇనుప పలకలు పెట్టి అడ్డం వేసేసరికి ఎన్ని నీళ్లు నది పాలయ్యాయో మూడు రాష్ట్రాలూ చూశాయి. ఇక 2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో మంటలకు తొమ్మిది మంది ప్రాణాలు పోయాయి.

ఈ జలాశయం కింద సుమారు వంద ఊళ్లు మునిగాయి. 1981లో ఇళ్లు కూలగొట్టి మరీ జనాన్ని పంపించారు. ఇంటికో ఉద్యోగమన్న 1986 నాటి జీవో 98 పట్టుకుని నిర్వాసితులు ఆఫీసుల చుట్టూ దశాబ్దాలు తిరిగారు. అంత ఖరీదు పెట్టి కొన్న జాగాను మట్టికి అప్పగించి కూర్చున్నాం.

మరి మరమ్మతుకు, సర్వేకు డబ్బు ఎవరివ్వాలి? కుడిగట్టు, గేట్లు ఆంధ్రప్రదేశ్ చేతిలో, ఎడమగట్టు కేంద్రం తెలంగాణ చేతిలో ఉన్నాయి. నీళ్లు వాడుకునే దామాషాలో, కరెంటు తీసే దామాషాలో ఇద్దరూ కృష్ణా బోర్డు ఖాతాలో జమ చేయడమే న్యాయం. 2021 జులై గెజిట్‌లో కేంద్రం దాదాపు ఇలాంటిదే అడిగింది. ఒక్కో రాష్ట్రం కృష్ణా, గోదావరి బోర్డుల్లో ఒక్కోదానికి 200 కోట్లు 60 రోజుల్లో కట్టాలంది. గడువు దాటినా ఇద్దరూ కట్టలేదు. ఆ ఒక్క విషయంలో మాత్రం రెండు రాష్ట్రాలకూ పేచీ రాలేదు.