అడక్కుండా సాయం చేయొచ్చా?

బరువైన పెట్టెతో మెట్లెక్కుతున్న ఒకావిడను చూసి, ఓ కుర్రాడు వెనక నుంచి వచ్చి చొరవగా పెట్టె అందుకోబోయాడు. ఆవిడ ఉలిక్కిపడి పెట్టెను దగ్గరికి లాక్కుంది. అది చూసిన ఇద్దరు అక్కాతమ్ముళ్ల మధ్య నడిచిన వాదన ఇది. నా మనసు అక్క వైపే మొగ్గుతుంది. కానీ తమ్ముడి మాటలు తీసిపారేసేవి కావు.

తమ్ముడు: చూశావా అక్కా? ఆవిడేమైనా సాయం అడిగిందా?

అక్క: అడగలేదు. అసలు ఎంతమంది అడగగలరు రా? నోరు తెరిచి అడగడానికి చచ్చేంత మొహమాటం. అడిగితేనే చేస్తామంటే మొహమాటస్తులంతా మెట్ల కిందే నిలబడిపోవాలి.

తమ్ముడు: మొహమాటం వేరు, భయం వేరు. ముక్కూమొహం తెలియని మనిషి చెయ్యి మన సామాను మీద పడితే ముందు దొంగేమో అనిపిస్తుంది. అర్ధరాత్రి ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరో వచ్చి 'బ్యాగు ఇటివ్వండి' అంటే నువ్విస్తావా?

అక్క: ఇవ్వను. అదే మనిషి పట్టపగలు, నలుగురిలో, రెండడుగుల దూరంలో ఆగి 'ఒక చెయ్యి వేయమంటారా?' అంటే సంతోషంగా ఇస్తాను.

తమ్ముడు: అలా ఆగి అడిగేవాళ్లెవరు? చూపు లేని ఒకాయన తెల్లకర్ర పట్టుకుని రోడ్డు పక్కన బస్సు కోసం నిలబడి ఉంటాడు. ఎవరో మంచి ఉద్దేశంతోనే వచ్చి, రెక్క పట్టుకుని అవతలికి లాక్కెళ్లి వదిలేస్తారు. చేసినవాళ్లకు రోజంతా తృప్తి. ఆయనకేమో తాను ఏ దిక్కుకు తిరిగి ఉన్నాడో కూడా తెలియదు. కర్ర ఉన్న చెయ్యినే లాగితే కళ్లకు గంతలు కట్టినట్టే.

అక్క: ఆ మాట నిజం. అందుకే దానికో పద్ధతుంది. ముందు పలకరించాలి. రోడ్డు దాటాలా అని అడగాలి. అవునంటే మన మోచెయ్యి అందించాలి. ఆయన మన మోచేతికి కాస్త పైన పట్టుకుని అరడుగు వెనకగా నడుస్తారు. మెట్టు వచ్చినా, పేవ్‌మెంట్ అంచు వచ్చినా మన ఒంటి కదలికను బట్టే ఆయనకు తెలిసిపోతుంది. పట్టుకున్నది ఆయన కాబట్టి, వద్దనుకుంటే ఎప్పుడైనా చెయ్యి తీసేయొచ్చు.

తమ్ముడు: ఇదంతా ఎంతమందికి తెలుసు? తెలియనివాళ్లు ఊరికే ఉండటమే మేలు.

అక్క: ఊరికే ఉంటే ఎప్పటికి తెలుస్తుంది? అయినా మనం వెనక్కి తగ్గేది ఎదుటివాళ్ల మర్యాద కోసమేనా? 'ఏమనుకుంటారో' అన్న టెన్షన్‌తో కూడా. 2022లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి షికాగోలో, మంచు మీద స్కేటింగ్ చేసేచోట జరిగింది. కొందరు తమకిచ్చిన వేడి చాక్లెట్ కప్పును ఎవరో తెలియనివాళ్లకు ఇచ్చారు. అందుకున్నవాళ్లు ఎంత సంతోషపడతారో ఇచ్చినవాళ్లు తక్కువగానే ఊహించారు.

తమ్ముడు: కప్పు ఇవ్వబోతే వద్దనొచ్చు అక్కా. రెక్క పట్టుకుని లాగితే వద్దనే వ్యవధి ఎక్కడిది? నువ్వు చెప్పింది నా వాదనకే పనికొస్తుంది.

అక్క: సరే, ఒప్పుకున్నా. అడిగే చేయాలి.

తమ్ముడు: అడిగే తీరిక ఉండాలిగా! 1973లో డార్లీ, బాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కావడానికి చదువుకుంటున్నవాళ్లను ప్రసంగం చేయడానికి పక్క భవనానికి పంపారు. దారిలో గుమ్మం దగ్గర ఒకతను కూలబడి దగ్గుతున్నాడు. తొందర లేనివాళ్లలో 63 శాతం మంది ఏదో ఒక సాయం చేశారు. ఆలస్యమైపోయిందని విన్నవాళ్లలో 10 శాతమే. బైబిల్లో, దారిలో పడి ఉన్న పరాయివాణ్ణి ఆదుకున్న సమరయుడి కథ ఉంది కదా, వాళ్లలో సగం మంది మాట్లాడబోయేది దాని గురించే! వాళ్లే ఆగకపోతే ఇక మనమెంత?

అక్క: నాకైతే ఆ అంకెలు ధైర్యమే ఇస్తున్నాయి. ఆగనివాళ్లవి రాతిగుండెలని అనుకుంటాం. వాళ్లకు టైమ్ లేదంతే. మనిషి స్వభావాన్ని మార్చడం నా వల్ల కాదు గానీ, ఇంట్లోంచి పది నిమిషాలు ముందు బయల్దేరడం నా చేతిలో పనే.

తమ్ముడు: బయల్దేరావు, అడిగావు, 'అక్కర్లేదండీ' అన్నారు. అప్పుడు? చాలామంది 'పర్లేదు, ఇటివ్వండి' అని లాక్కుంటారు.

అక్క: వద్దంటే వద్దనే. మొహం ముడుచుకోకుండా నా దారిన నేను పోతాను.

తమ్ముడు: మరి నత్తి ఉన్నవాళ్ల మాటను అందుకుని పూర్తి చేసేయడం? అదీ సాయమే అనుకుంటారు.

అక్క: ఆ పని మాత్రం అస్సలు చేయకూడదు. వాళ్ల మొహంలోకే మామూలుగా చూస్తూ, మాట పూర్తయ్యేదాకా ఆగాలి.

తమ్ముడు: అంటే ఏమీ చేయకుండా ఉండాలి. మొదట్నుంచీ నేనంటున్నదీ అదే కదా!

అక్క: నువ్వు పక్కకు తప్పుకోమంటున్నావు. నేను అక్కడే నిలబడి వినమంటున్నాను.

తమ్ముడు: క్యూలో వెనకున్నవాళ్లు 'త్వరగా కానివ్వండి' అని విసుక్కుంటేనో?

అక్క: వాళ్లతో నేను మాట్లాడతాను. ఆ ఒక్క పనీ అడక్కుండానే చేస్తాను.