నాలుకకి అంటుకుంటే డైనోసారేనా?

ఈ నెలలో ఈ డైనోసార్ ఎముకల మెసేజ్ రావడం ఇది నాలుగోసారి. మొదట మా బావమరిది పంపాడు. తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, ఆ వెంటనే పదో తరగతి స్నేహితుల గ్రూపులో. నిన్న మా మేనత్త వాయిస్ మెసేజ్ కూడా జోడించింది: "ఒరేయ్, నువ్వు కొన్నాళ్లు ఆ రాళ్లు గీకే పని చేశావు కదా, ఇది నిజమేనా?" అత్తయ్యకి ఫోన్లో చెప్పాను. మిగతావాళ్లకి ఇక్కడ.

"ప్రాణహిత, గోదావరి ఒడ్డున మీకూ డైనోసార్ ఎముక దొరకొచ్చు! ఇంట్లోనే గుర్తించే ఆరు చిట్కాలు" అని మొదలవుతుంది ఆ మెసేజ్. దొరకొచ్చు అన్నంతవరకు అబద్ధం కాదు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఆ వైపున్న మన యామన్‌పల్లిదే. అబద్ధాలన్నీ చిట్కాల్లో ఉన్నాయి.

మొదటి చిట్కా: నాలుకకి ఆనించండి, అంటుకుంటే డైనోసార్ ఎముక. ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి, రాళ్లలోంచి ఎముకలు తీసే మేమూ నాకుతాం. ఎముకలో సన్నని రంధ్రాలుంటాయి, అవి తడిని పీలుస్తాయి, అందుకే నాలుకని పట్టుకుంటుంది. కానీ పాత కుండపెంకు కూడా అలాగే పట్టుకుంటుంది. రంధ్రాలన్నీ ఖనిజాలతో పూడిపోయిన అసలైన ఎముక అంటుకోకనూ పోవచ్చు. అంటుకుంటే "ఎముక కావచ్చు" అనుకోవాలి, అంతే. ఎవరిదో నాలుక చెప్పదు.

రెండోది: పెద్దగా, బరువుగా ఉంటే డైనోసారే. ఆసిఫాబాద్ వైపు మలేరి అనే రాతిపొరల ఎర్రమట్టిలో దొరికే ఎముకల్లో ఎక్కువ భాగం హైపెరోడాపెడాన్, పారాసూకస్ లాంటి జంతువులవి. రెండూ సరీసృపాలే, ఒక్కటీ డైనోసార్ కాదు. ఇక బరువంటారా, రాయిగా మారిన చెట్టు మొద్దు కూడా బరువే. 2020లో తమిళనాడు పెరంబలూరులో డైనోసార్ గుడ్లు బయటపడ్డాయని పెద్ద ప్రచారం జరిగింది. తీరా చూస్తే అవి అమోనైట్లనే పాతకాలపు సముద్ర జీవుల చుట్టూ గట్టిపడిన రాతి ఉండలు.

కార్బన్ డేటింగ్ చేయించమంటోంది ఇంకో చిట్కా. అది సుమారు 50,000 ఏళ్ల దాకానే పనికొస్తుంది, ఇక్కడ లెక్క కోట్ల ఏళ్లలో. పదండి ముందుకి.

కోట్లకి అమ్ముకోవచ్చట. 2020లో స్టాన్ అనే టైరనోసారస్ 3 కోట్ల 18 లక్షల డాలర్లు పలికిన మాట నిజమే. అది అమెరికాలో ప్రైవేటు భూమిలో దొరికిన, చాలావరకు పూర్తిగా ఉన్న అస్థిపంజరం. మీ చేతిలో ఉన్నది జానెడు ముక్క.

ఇప్పుడు నాకు నిద్రపట్టనివ్వని మూడో చిట్కా. ఇదీ మాట: "రాయితో సహా ఎముకను బాత్రూం కడిగే యాసిడ్‌లో రాత్రంతా నానబెట్టండి. రాయి కరిగి శుభ్రమైన ఎముక మిగులుతుంది."

ఏమీ మిగలదు బాబూ. ఆ యాసిడ్ సున్నపురాయిని కరిగిస్తుంది, నిజమే. ఎముకలో ఉన్న కాల్షియం ఫాస్ఫేట్‌నీ కరిగిస్తుంది. రాయి సున్నం లేని ఇసుకరాయి అయితే ఇంకా విచిత్రం: రాయి అలాగే ఉంటుంది, ఎముక పోతుంది. ల్యాబుల్లో యాసిడ్ వాడరా అంటే వాడతారు. ఈ చిట్కా పుట్టింది ఆ సగం మాట విని అయ్యుంటుంది. అక్కడ వాడేది బాగా పలచన చేసిన ఎసిటిక్ యాసిడో ఫార్మిక్ యాసిడో. బయటపడిన ఎముక మీద ముందు పారలాయిడ్ అనే ప్లాస్టిక్ జిగురును ఎసిటోన్‌లో కలిపి పూస్తారు. కాసేపు నానబెట్టి, అంతకు ఎన్నో రెట్ల సేపు నీళ్లలో ఉంచి, ఆరబెట్టి, కొత్తగా తేలిన భాగానికి మళ్లీ జిగురు పూసి, మళ్లీ మొదలు. నెలలు పడుతుంది. రాత్రి బకెట్లో వేసి పొద్దున తీయడానికి ఇవేమన్నా ఇడ్లీకి నానబోసిన మినుములా?

యాసిడ్ ముందు తినేది సన్నవాటినే. ఎముక ఎవరిదో చెప్పేవీ అవే: తొడ ఎముక వెనక కండరం పట్టుకునే గట్టు, వెన్నుపూస మీద పలచని రేకులు, నరాలు దూరే చిన్న బెజ్జాలు. కళ్లూ ముక్కూ చెరిపేసి ఈ ఫొటో ఎవరిదని అడిగినట్టుంటుంది ఆ తర్వాత. చుట్టూ ఉన్న రాయి కూడా చెత్త కాదు. పక్కనే అంటుకున్న చేప పొలుసు, ఆ మట్టి రంగు, ఇసుక రేణువు, అన్నీ సాక్ష్యాలే. మన గోదావరి వైపే ఉన్న 'కోట' అనే రాతిపొరల్లో పాలిచ్చే జంతువుల పళ్లు, బియ్యపు గింజకంటే చిన్నవి, దొరికాయి. బకెట్‌తో పాటు డ్రైనేజీలో పోసేది వాటిని కూడా.

అసలు ఎముక తనెవరో ఒక్కసారిగా చెప్పదు. పళ్ల డాక్టర్ వాడే లాంటి సూది, బ్రష్, ఎయిర్ స్క్రైబ్ అనే గాలితో నడిచే చిన్న ఉలి పట్టుకుని మైక్రోస్కోప్ కింద గీకుతూ పోతే, రంగు మారిన చోట ముందు "ఇది ఎముక" అని తెలుస్తుంది. కొన్ని రోజులకి ఒక కొస తేలుతుంది, తొడో భుజమో తేలుతుంది. కుడో ఎడమో ఇంకా తర్వాత. పేరు ఒక్కోసారి ఎప్పటికీ రాదు. నేనే ఒకసారి పక్కటెముక అని ప్రమాణం చేసి మూడు వారాలు గీకాను. చివరికి అందులో చెక్క చారలు కనిపించాయి. చెట్టు. ఆ ల్యాబులో టీ తాగేటప్పుడల్లా "మీ పక్కటెముక చిగురించిందా?" అని అడిగేవాళ్లు.

అందుకే "శుభ్రం చేసి ఫొటో తీస్తే యాప్ పేరు చెప్పేస్తుంది" అనే చిట్కా చూస్తే నవ్వొస్తుంది. మహారాష్ట్ర సిరోంచ వైపు పోచంపల్లి దగ్గర (చీరల పోచంపల్లి కాదు) 1958-61 మధ్య సుమారు 300 ఎముకలు దొరికాయి. అవి కొత్త డైనోసార్‌వని, దానికి బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టి ప్రకటించింది 1975లో. తల ఇప్పటికీ లేదు. యాప్‌కి మాత్రం రెండు సెకన్లు చాలు!

శాస్త్రవేత్తలు తప్పు చేయరని నేననడం లేదు. తమిళనాడులో దొరికిన ద్రవిడోసారస్‌ను 1979లో స్టెగోసార్ అన్నారు, అంటే వీపు మీద పలకలుండే డైనోసార్. 1991లో శంకర్ ఛటర్జీ అనే శిలాజ శాస్త్రవేత్త వచ్చి, కాదు, ఇది సముద్రంలో ఈదే ప్లీసియోసార్‌ది అన్నారు. కాదన్నదాన్ని కాదన్నవాళ్లూ ఉన్నారు.

ఆరోది, "ఘటోత్కచుడి ఎముకలు కూడా ఇలాగే బయటపడ్డాయి" అన్నది. అది ఫొటోషాప్ పోటీ కోసం చేసిన బొమ్మ. ఇరవై ఏళ్లు దాటినా రిటైర్ అవ్వడం లేదు.

మెసేజ్ చివర "చదువుకున్నోళ్ల కంటే పల్లె జనమే ముందు కనిపెడతారు" అని ఒక వాక్యం ఉంది. దానితో నాకు గొడవ లేదు. మధ్యప్రదేశ్ ధార్ జిల్లా పాడ్ల్యాలో కాకర్ భైరవ్ అని పూజించిన గుండ్రాళ్లు నిజంగానే డైనోసార్ గుడ్లని 2023లో తేలింది. యాసిడ్ పోయకుండా కొబ్బరికాయ కొట్టారు కాబట్టే మిగిలాయి.

ఏదైనా కనిపిస్తే పెకిలించకండి. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీసి, చోటు రాసుకుని, హైదరాబాద్ బండ్లగూడలోని జీఎస్ఐ (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) ఆఫీసుకి చెప్పండి. ఇప్పటికే బకెట్లో వేసినవాళ్లు గ్లవ్స్ వేసుకుని ముక్కని తీసి, మంచినీళ్లలో పెట్టి, వారం రోజులు రోజూ నీళ్లు మార్చండి. ఆరాక ఏమైనా మిగిలి ఉంటే నాకు చూపించండి.