బాణం పట్టుకుంటే పతకమే తేవాలా?

ఇక్కడ ఇంగ్లండ్‌లో మా ఊరి ఆర్చరీ క్లబ్‌లో చేరా అని ఫ్యామిలీ గ్రూప్‌లో ఫోటో పెట్టానో లేదో, మా బాబాయ్ రిప్లై: "నీకెందుకమ్మా ఈ వయసులో, బుడ్డోణ్ణి చేర్పించు, స్పోర్ట్స్ కోటాకి పనికొస్తుంది." అదిగో, నాకు మండేది అక్కడే.

మాది బెజవాడ. మా ఊరి ఆర్చర్లే, జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మూడు గోల్డ్‌లు కొట్టింది, ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్ మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో ప్లేస్ దాకా వెళ్లాడు, మనందరం స్టేటస్‌లు పెట్టుకుని మురిసిపోయాం. కానీ కిందటిసారి బెజవాడ వచ్చినప్పుడు ఆర్చరీ నేర్పే ఒకచోటికి ఫోన్ చేస్తే "పాప వయసెంత మేడం?" అన్నారు, పాప కాదండీ నాకే అంటే అవతల సైలెంట్. నవ్వు ఆపుకున్నారో ఏమో మరి.

ఇక్కడ లైన్ మీద నా పక్కన ఎనిమిదేళ్ల పిల్ల, అవతల డెబ్బై దాటిన రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్ పొడుగాటి చెక్క విల్లుతో, ఆ పక్కన వీల్‌చైర్‌లో ఒకాయన. పిల్లకి టార్గెట్ దగ్గర, పోస్ట్‌మ్యాన్‌కి దూరం, విజిల్ మాత్రం అందరికీ ఒకటే, చివరి మనిషి చివరి బాణం వేసేదాకా ఎవరూ లైన్ దాటకూడదు. వీల్‌చైర్ ఆయన బాణాలు పక్కవాళ్లే పీక్కొచ్చి ఇస్తారు, దానికి జాలి మొహాలేం పెట్టరు, పైగా ఆయన స్కోర్ చూసి కుళ్లుకుంటారు (నేనైతే ఖచ్చితంగా). హ్యాండిక్యాప్ లెక్క అని ఒకటుంది, ఎవరి పాత స్కోర్లను బట్టి వాళ్లకి కొన్ని పాయింట్లు కలుపుతారు, దాంతో నాలాంటి కొత్తవాళ్లు కూడా ఒక్కోరోజు పాతకాపుల్ని ఓడించొచ్చు.

అసలు ఈ ఆటకిది కొత్త కాదు. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజే, స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో గుట్‌మన్ అనే డాక్టర్ వెన్నెముక దెబ్బతిన్న 16 మందితో విలువిద్య పోటీ పెట్టాడు, పారాలింపిక్స్‌కి మొదలు అదే. 1984లో న్యూజిలాండ్ ఆవిడ నెరోలీ ఫెయిర్‌హాల్ వీల్‌చైర్‌లో కూర్చునే మామూలు ఒలింపిక్స్‌లో ఆడింది. చేతుల్లేని మన శీతల్ దేవి కాలితో విల్లు పట్టి పారిస్ పారాలింపిక్స్‌లో బ్రాంజ్ తెచ్చింది. చూపు లేనివాళ్లకి చేతి వెనక తగిలే చిన్న పుల్లలాంటి సాధనం ఉంటుంది, దాన్నిబట్టి గురి. ఇంతమందికి దారి ఉన్న ఆటని మనం పన్నెండేళ్లలోపు మెడల్ మెటీరియల్‌కే రాసిచ్చేశాం!

అంతా స్వర్గం అని కాదు. వానలో ఆ గడ్డి టార్గెట్లు మోస్తుంటే నడుం విరుగుతుంది, వింటినారి తగిలి మోచెయ్యి లోపల కమిలిపోతే వీడియో కాల్‌లో మా అమ్మ ఏమైందే అని కంగారు. కానీ వారమంతా కంప్యూటర్ ముందు వంగిపోయిన భుజాలు విల్లు లాగిన రోజు నిజంగా తెరుచుకుంటాయి.

"మన దగ్గర ఖర్చమ్మా" అంటారు. పోటీ విల్లు ఖరీదే, ఒప్పుకుంటా. నేర్చుకునేవాళ్లకి అది దేనికి? ఇక్కడ కొత్తవాళ్లందరం క్లబ్‌వి అరిగిపోయిన తేలిక విల్లులే వంతులేసుకుని వాడతాం. ఆదివారం ఖాళీగా ఉండే ఒక స్కూల్ గ్రౌండ్, వెనక గట్టి వల, అరడజను విల్లులు, సేఫ్టీ తెలిసిన కోచ్ ఒకరు, తలా కొంత ఫీజు. బెజవాడలో షటిల్ కోర్టుకి గంటలెక్కన కట్టట్లేదా మనం?