ట్రాలీని న్యూట్రల్‌లో దింపితే డీజిల్ మిగలదన్నా

కడప, రాయచోటి వైపు ట్రాక్టర్లున్నవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ట్రాలీ లాగేటప్పుడు డీజిల్ సగం మిగలాలంటే దిగుడు రాగానే న్యూట్రల్ వెయ్యి, ట్రాలీ టైర్లలో గాలి కొంచెం తగ్గించు, ఎంత లోడున్నా పెద్ద గేరు వదలొద్దు, తెల్లవారుజామునే డీజిల్ పోయించుకో అని. మొదటిది ప్రాణాలు తీసే సలహా, అందుకే దాంతోనే మొదలుపెడతా.

దిగుడులో బండి గేరులో ఉండగా యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి, డీజిల్ పంపులో ఎంత పోవాలో చూసుకునే భాగం, అంటే గవర్నర్, డీజిల్‌ను దాదాపు ఆపేస్తుంది. అదే న్యూట్రల్ వేశామా, ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి డీజిల్ తాగుతూనే ఉండాలి. ట్రాక్టర్ ఊరికే ఆన్‌లో ఉంటేనే గంటకు లీటరు దాకా కాలుతుందని ఇంధన పొదుపు గురించి చెప్పే పీసీఆర్‌ఏ ఎప్పటినుంచో మొత్తుకుంటోంది. మరి మిగిలిందెక్కడ?

ఇక ప్రమాదం. రాయచోటి నుంచి కడపకు రావాలంటే గువ్వలచెరువు ఘాట్ దిగాలి, అదెలాంటి రోడ్డో తిరిగేవాళ్లకు చెప్పక్కర్లేదు. మన ట్రాలీలు చాలావాటికి బ్రేకులే ఉండవు. నాలుగైదు టన్నులు వెనకనుంచి నెడుతుంటే మొత్తం ఆపాల్సింది ట్రాక్టర్ బ్రేకులే, ఇంజన్ పట్టు కూడా పోతే అవి వేడెక్కి పనిచేయడం మానేస్తాయి, అప్పుడు గేరు వేద్దామన్నా పడదు. పైగా పొలంలో మలుపుల కోసం విడదీసిన కుడి, ఎడమ బ్రేకు పెడళ్లను రోడ్డెక్కేముందు కలిపి లాక్ వెయ్యనివాళ్లు ఎంతోమంది. ఒక్క పెడలే తొక్కితే ట్రాక్టర్ పక్కకు లాగేస్తుంది, ట్రాలీ అడ్డం తిరుగుతుంది. దయచేసి ఎక్కడానికి ఏ గేరు కావాలో అదే గేరులో దిగండి, అదీ దిగుడు మొదలవకముందే వేసుకోండి.

గాలి తగ్గించమనడం తలకిందుల మాట. ఇసుకలో దిగబడకుండా తగ్గిస్తారు, నిజమే. తారురోడ్డు మీద లోడుతో పోతే మాత్రం మెత్తబడ్డ టైరు ప్రతి చుట్టుకూ నలిగి వేడెక్కుతుంది, ఆ వేడంతా మన డీజిలే, పైగా టైరూ పాడవుతుంది.

పెద్ద గేరు సంగతి సగం నిజం. ఖాళీ ట్రాలీతో సాఫు రోడ్డు మీద పెద్ద గేరు వేసి రేసు తగ్గించి పోతే ఖర్చు తగ్గుతుంది. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ గునుస్తూ నల్లపొగ కక్కుతుంటే ఆ పొగ సరిగ్గా కాలని డీజిల్, వెంటనే గేరు తగ్గించాలి.

తెల్లవారుజాము డీజిల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. చల్లగా ఉంటే డీజిల్ చిక్కబడి అదే లీటరుకు కాస్త ఎక్కువ వస్తుందని వాళ్ల లెక్క. బంకులో ట్యాంకు భూమిలో ఉంటుంది, పొద్దునకీ మధ్యాహ్నానికీ దాని వేడి పెద్దగా మారదు. 10 డిగ్రీల తేడా వచ్చిందనుకున్నా 20 లీటర్లకు తేడా 200 మిల్లీలీటర్ల లోపే.

ఆ మెసేజ్‌లో అసలు దొంగ గురించి ఒక్క ముక్క లేదు. అది ట్రాలీ చక్రంలోనే ఉంటుంది. లోడు దించగానే చక్రాల నడుమ ఉండే హబ్బుల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ఒకవైపుది రెండోదానికంటే బాగా వేడిగా ఉంటే బేరింగుల్లో గ్రీజు అయిపోయినట్టో, బ్రేకులున్న ట్రాలీ అయితే బ్రేకు షూ పట్టేసినట్టో. జాకీ పెట్టి చక్రాన్ని చేత్తో తిప్పండి. గరగరమన్నా, తిప్పగానే ఆగిపోయినా బేరింగు విప్పించి కడిగించి కొత్త గ్రీజు పెట్టించండి, పాడైతే మార్పించండి. అలాగే మన ఎర్రమట్టి దుమ్ములో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ గిన్నెలో ఆయిల్ చిక్కబడిందేమో రోజూ చూసుకోవాలి, గాలి ఆడకపోతే పెద్ద గేరులో పోయినా చిన్న గేరులో పోయినా నల్లపొగే.